మాస్టర్‌లో మిగిలిన తిట్టు

సీడీలు కాపీ తీసే మా కొట్టులో మాస్టర్ డిస్క్ చేసే పని మా మరిదిది. వాడికి నేను పెట్టిన పేరు నత్త. డిస్కును అంచులు పట్టుకునే ఎత్తాలంటాడు, దుమ్ము లేస్తుందని ఫ్యాను ఆపమంటాడు, కంప్యూటర్ చేత పాటల్ని డిస్కు మీదికి అన్నిటికంటే తక్కువ వేగంతో రాయిస్తాడు. అంతా అయ్యాక మొదటినుంచి చివరిదాకా కూర్చుని వింటాడు. మాస్టర్‌లో ఒక్క తప్పుంటే కాపీలన్నిట్లోనూ అదే అచ్చుగుద్దినట్టు దిగుతుందని వాడి భయం. నేను ఆలస్యం అమృతం విషమంటే, వాడు నిదానమే ప్రధానమనేవాడు. ఆ కీచులాటలే ఇప్పుడు కరువయ్యాయి.

మా ఊరి పాటల టీచరమ్మ మా కొట్టు వెనకగదిలోనే తన పాటలు రికార్డు చేయించుకున్నారు. అన్నీ ఆవిడ సొంతంగా కట్టినవే. నెల తిరక్కుండానే గొంతుకు ఆపరేషనై మాట పూర్తిగా పోయింది. ఇక శిష్యులకు పాఠమంటే ఆ డిస్కే.

మాస్టర్ వింటూ వింటూ నత్త ఆగిపోయాడు. ఆఖరి పాటలో ఒక పాదం వరస ఎక్కడో తేడా కొట్టిందట. టీచరమ్మకు కబురు పెట్టాం. ఆవిడ వచ్చి, విని, నెత్తి కొట్టుకున్నారు. మళ్ళీ పాడదామంటే గొంతు లేదు. తన తప్పే పిల్లలందరి నోళ్ళలో నిలిచిపోతుందని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నాకు నత్త మీద ఒళ్ళు మండింది. వీడు వినకపోతే ఈ ఏడుపే ఉండేది కాదు కదా.

వాడు రికార్డింగులో దొర్లిన దగ్గూ తుమ్మూ కూడా చెరపకుండా దాచే రకం. అవన్నీ ఓపిగ్గా వెతికాడు. మధ్యలో విరామమప్పుడు టీచరమ్మ సరదాకి నాకు అదే పాట నేర్పబోయిన ముక్క దొరికింది. నేనూ సరిగ్గా అక్కడే తప్పాను.

"అది కాదే మొద్దూ, ఎన్నిసార్లు చెప్పాలి? ఇదిగో, ఇలా," అంటూ ఆవిడ ఆ పాదాన్ని ఖంగుమని పాడారు.

సిగ్గుతో చచ్చాను. తిట్టు కోసేసి, తప్పు పాదం తీసి దీన్ని అతికిస్తానన్నాడు నత్త. టీచరమ్మ వాడి చెయ్యి పట్టుకున్నారు. ముందు తప్పు పాదం, దాని వెనకే తిట్టు, ఆ తర్వాత సరైన పాదం ఉండాలని కంప్యూటర్ తెర మీద వేలితో చూపించారు.

"నన్ను తిట్టింది ఊరంతా వింటుంది టీచరమ్మా," అన్నాను.

ఆవిడ చప్పుడు లేకుండా నవ్వి, వేలు తన వైపు తిప్పుకున్నారు. ఈసారి ఆ తిట్టు తనకేనట. మాస్టర్ డిస్కును నత్త మళ్ళీ మొదటినుంచి రాశాడు.

టీచరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కొట్టూ మూతపడింది. మొన్న ఆవిడ శిష్యురాలి కూతురొకతె, టీచరమ్మను కళ్ళతో చూడనిది, నా ముందు ఆ పాట పాడింది. తప్పు పాదం పాడి, ఆగి, "అది కాదే మొద్దూ" అంది, అచ్చం ఆవిడ విరుపుతోనే. అది కూడా పాటలో భాగమే అనుకుందట. నా పరువు పోతే పోయింది, ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను.