ఉత్త నీళ్లు

"నీళ్లు చాలు. ఇంకేదీ కలపొద్దు," అన్నాడు బావ. అక్కడితో ఆగకుండా బావమరిది భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. "స్పిరిట్ కలిపితే ఇంకా చల్లబడుతుందని నీ తోటి మెకానిక్కులు అంటారు. నాకూ తెలుసు. కానీ ఆ వాసన నా కారు దరిదాపుల్లో ఉండకూడదు. విన్నావా?"

"విన్నా బావా."

విన్నాడు, నిజమే. వినడంలో అతనికి ఎప్పుడూ లోటు లేదు. షెడ్ల వీధిలో అందరూ అతన్ని స్పానర్ అంటారు. పని చేతులకు రావడమే కాదు, నెత్తికి కూడా ఎక్కిందని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్ల మాట ఈసారి నిజమైంది.

బావ తాగుడు మానేసి ఏడాది దాటింది. మానేశాక చేతులు ఊరుకోక పాత టర్బో కారొకటి కొన్నాడు. ఆదివారాలు ఊరి బయటి కొండ మీద జరిగే పందాలకు దాన్ని తీసుకెళ్లేవాడు. టర్బో గాలిని కుక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలితో కారు కొండ సగానికి వచ్చేసరికి నీరసపడుతుంది. ఆ గాలిని చల్లార్చే జాలీ పెట్టె ఇంటర్‌కూలర్. బావ కారుకి అది బానెట్ కిందే, ఇంజన్ నెత్తినే ఉంది. దాని మీద సన్నగా తుంపర పడేలా స్పానర్ పైపులు బిగించాడు, డిక్కీలో తెల్ల ట్యాంకు పెట్టాడు. ఇక అందులో ఏం పొయ్యాలన్నదే మిగిలింది.

కుళాయి నీళ్లయితే తెల్లటి పొర కట్టి తుంపర కన్నాలు మూసుకుపోతాయి. బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లయితే ఆ బెడద లేదు. బావ అడిగింది అవే. కానీ పక్క షెడ్డువాడు కిందటి పందెంలో "నీ చేతి మహిమ మొదటి మలుపు దాకేనా?" అని నవ్విన నవ్వు స్పానర్ చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. రంగుల పనికని తెచ్చిన మిథనాల్ స్పిరిట్ డబ్బా మూలనే ఉంది. దాని మీద పుర్రె బొమ్మ కూడా ఉంది. నీళ్లలో సగానికి సగం కలిపి ట్యాంకులో పోశాడు. ట్యాంకు మీద ఏ బొమ్మా లేదు.

ఆ ఆదివారం కారు కొండను ఒక్క బిగిన ఎక్కింది. బావ దిగీ దిగగానే అతన్ని కావలించుకున్నాడు. "ఉత్త నీళ్లతోనే ఇంత చేశావురా! నీ చేతిలో ఏదో ఉంది!"

స్పానర్ పళ్లికిలించాడు. నవ్వుతుండగానే లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. దాన్ని అక్కడే ఉంచేశాడు.

నాలుగు రోజులు తిరక్కుండా అక్క షెడ్డుకొచ్చింది. గ్రీజు వాసన పడదని ఎప్పుడూ వీధి మలుపు దగ్గరే ఆగిపోయే మనిషి, ఏకంగా లోపలికి వచ్చి టైరు మీద కూర్చుంది.

"మీ బావ మళ్లీ మొదలెట్టాడ్రా."

"ఏం మొదలెట్టాడు?"

"ఏం తెలీనట్టు అడుగుతావేంటి? కారు నడిపి వచ్చిన ప్రతిసారీ చొక్కాకి అదే వాసన. నోటి దగ్గర వంగి చూస్తే తెలీటంలేదు, కానీ చొక్కా చెబుతోందిగా. అడిగితే పాపను ముట్టుకుని మరీ కాదంటాడు. అబద్ధానికి పిల్లనా అడ్డం పెట్టేది? మొన్న నోటికొచ్చినట్టు అనేశాను. మా మధ్య మాటల్లేవు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ దగ్గరికే కదా వచ్చేది. నువ్వు చెప్పు. ఇక్కడ తాగుతున్నాడా?"

ఇంటర్‌కూలర్ మీద పడ్డ తుంపర ఆవిరై, అద్దం కింది గాలి కన్నాల్లోంచి కారులోకి పోతుంది. మొద్దుబుర్రకైనా తట్టాల్సిన సంగతి స్పానర్‌కి అప్పటిదాకా తట్టలేదు. తప్పు నాది అక్కా అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఇక్కడ తాగట్లేదక్కా. నువ్వు బెంగపడకు, నేను చూసుకుంటాలే," అన్నాడు.

అక్క అతని తల నిమిరి, "నువ్వున్నావనే నా ధైర్యం," అని వెళ్లిపోయింది. ఆ చేత్తో నిమిరే బదులు చెంప మీద ఒకటిచ్చినా బాగుండేదనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క వాళ్లింటికి వెళ్లాడు. ఎవరికీ చెప్పకుండా ట్యాంకు ఖాళీ చేసి నీళ్లు పోసేస్తే వాసన అదే పోతుంది, వాళ్ల గొడవా అదే సర్దుకుంటుంది, తన పేరు బయటికి రాదు. మంచి ఉపాయమే అనుకున్నాడు. పిరికివాడికి తన ఉపాయాలన్నీ మంచివే.

పెరట్లో బట్టలారేసిన తీగ పక్కనే కారుంది. డిక్కీ తెరిచాడు. ట్యాంకు మూత వంకరగా బిగించి ఉంది. తన చేత్తో బిగించిన మూత అలా ఉండదు. దాని పక్కన ఒక స్టీలు గ్లాసు.

గ్లాసు తీసి వాసన చూశాడు. ఆ సరుకు నాలుగు గుటకలు దిగితే కళ్లు పోతాయి, ఇంకాస్త దిగితే మనిషే పోతాడు. పుర్రె బొమ్మ ఉన్న డబ్బా షెడ్డులో ఉంది, బావకేం తెలుసు?

గ్లాసు పట్టుకునే ఇంట్లోకి పరిగెత్తాడు. బావ నేల మీద కూర్చుని పాడైన ఫ్యాను విప్పుతున్నాడు.

"బావా! నేను కనిపిస్తున్నానా? సరిగ్గా కనిపిస్తున్నానా?"

"ఇంత లావున్నవాడివి కనపడక చస్తావా?" అని తలెత్తిన బావ, గ్లాసు చూసి ఆగిపోయాడు.

"తాగావా? నిజం చెప్పు బావా, నీకు దణ్ణం పెడతా. అది మామూలు స్పిరిట్ కాదు, విషం. నేనే కలిపాను. నువ్వొద్దన్నా కలిపాను. తాగావా?"

వంటగదిలోంచి వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. బావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"తాగలేదు."

స్పానర్ గ్లాసు నేల మీద పెట్టి అక్కడే కూర్చున్నాడు.

"వాసన ఎక్కణ్ణించి వస్తోందో మొన్నే పట్టుకున్నా," అన్నాడు బావ. "మూత తీసి చూశా. మీ అక్కకి చెబుదామనే అనుకున్నా. కానీ ఏడాది మానినవాణ్ణి పట్టుకుని తాగుబోతు అంది. ఎలాగూ అనిపించుకున్నానుగా, తాగేస్తే ఏం పోయిందనిపించింది. గ్లాసు తెచ్చుకుని పోసుకున్నా. నోటిదాకా వచ్చింది. అప్పుడే మీ అక్క బట్టలు తియ్యడానికి పెరట్లోకొచ్చింది. గబుక్కున పారబోశా. అంతే. అందులో నా గొప్పేం లేదు."

అక్క గుమ్మం దాటి వచ్చింది. "అప్పటికింకా బట్టలారలేదు. మీరు డిక్కీ దగ్గర ఏం చేస్తున్నారో చూద్దామని వచ్చా."

స్పానర్ ఏదో అనబోయాడు. అక్క వినలేదు. "నిన్న నీ ఎదురుగా ఏడ్చాన్రా," అంది, "నువ్వు నా మొహం చూస్తూ కూర్చున్నావు." అదొక్కటే అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ట్యాంకూ పైపులూ పీకేసి, మర్నాడు కొత్తవి బిగించాడు. తిట్టినా తేలికపడేవాడు, కానీ బావ పల్లెత్తు మాట అనలేదు. బ్యాటరీ నీళ్ల క్యాను సీలు విప్పి ట్యాంకు మీదికి వంచబోతుంటే, ఎన్నడూ ఆ కారు వంక చూడని అక్క ఇంట్లోంచి కొత్త గ్లాసు పట్టుకొచ్చింది.

"ముందు ఇందులో పొయ్యి," అంది.

పోశాడు.

"తాగు."

"ఎందుకే, పాపం..." అన్నాడు బావ.

"మీరుండండి."

స్పానర్ గటగటా తాగాడు. రుచీ పచీ లేని నీళ్లు. ఆఖరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు తిరగేసి చూపించాడు. అక్క గ్లాసు అందుకుంది. తర్వాత, ఏడాదిగా గుమ్మంలో బావకి చేస్తున్నట్టే, తమ్ముడి నోటి దగ్గరికి వంగి వాసన చూసింది.