మీ తల, మీ ఇష్టం

పెద్దక్క బ్యూటీ పార్లర్లో ఒకే నెలలో ఇద్దరు పని మానేశారు. ఒకామెకు పెళ్ళి కుదిరింది. రెండో ఆమె అదే వీధిలో సొంత దుకాణం తెరిచి, పోతూ పోతూ పాత కస్టమర్లు నలుగురిని వెంటబెట్టుకుపోయింది. ఇరవై రెండేళ్ళుగా కత్తెర పట్టిన మనిషి పెద్దక్క. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, రోజుకు పది తలలు ఒంటిచేత్తో చూడటం ఇక తన వల్ల కాదు. తలుపు మీద 'పనివారు కావలెను' అని కాగితం అంటించిన మూడో రోజు పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. పాతికేళ్ళుంటాయి. చేతిలో సొంత కత్తెరల సంచీ. తల చుట్టూ, మెడ చుట్టూ, ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా బూడిద రంగు స్కార్ఫు.

పెద్దక్క ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది. తన జుట్టే చూపించని పిల్ల ఇంకొకరి జుట్టుకు ఏం అందం తెస్తుందిలే అనుకుంది.

"ఇది జుట్టు కత్తిరించే చోటు, తెలుసుగా?" అంది పైకి.

"తెలుసండి. ఆరేళ్ళుగా చేస్తున్నా."

"ఎవరికి?"

"జుట్టున్నవాళ్ళకి."

పెద్దక్కకు నవ్వొచ్చింది కానీ పెదవి కొరుక్కుని ఆపుకుంది. పరీక్ష పెట్టడానికి ఆ వేళప్పుడు వేరే తల ఏదీ దొరకలేదు గనుక తన తలే అప్పగించి కుర్చీలో కూర్చుంది. అరగంట తర్వాత అమ్మాయి చేతి అద్దం వెనక్కి పట్టుకుని చూపించింది. పెద్దక్క మెడ దగ్గర ఒక మొండి సుడి ఉంది. ఇన్నేళ్ళలో ఎవరు కత్తిరించినా కోడి తోకలా లేచి నిలబడే ఆ సుడి ఇప్పుడు బుద్ధిగా పడుకుని ఉంది.

"రేపట్నుంచి రా. ఒక్కటే షరతు. షాపులో ఉన్నంతసేపు ఆ స్కార్ఫు తీసెయ్. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఆడవాళ్ళే ఉంటే తీస్తానక్కా. మగవాళ్ళు కనబడితే కట్టుకుంటా."

పెద్దక్క ముందు గది వైపు చూసింది. గోడంత గాజు అద్దం, దాని అవతల వీధికి వీధి. అద్దం ఇవతల సోఫా, దాని మీద భార్యల కోసం ఎదురుచూస్తూ ఫోన్లలో తల దూర్చే భర్తలు. అంటే స్కార్ఫు తీసే ముహూర్తం ఎప్పటికీ రాదన్నమాట. నాలుగు రోజులు నచ్చజెప్పి చూసింది, గదమాయించి చూసింది. అమ్మాయి ఎదురు మాట్లాడలేదు, స్కార్ఫు తీయనూ లేదు. మొండి సుడి గుర్తొచ్చి పెద్దక్కే దిగొచ్చింది. ఆ అమ్మాయికి కత్తెర పిల్ల అన్న పేరు మాత్రం వారంలోనే స్థిరపడిపోయింది.

కస్టమర్లకు కత్తెర పిల్ల పని నచ్చింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద జాలిపడటం నచ్చింది. కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, అద్దంలోంచి ఆమెను చూస్తూ నిట్టూర్చేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నిట్టూర్చింది బ్యాంకు క్యాషియరమ్మ.

"ఎవరు కట్టమన్నారమ్మా ఇది? మీ ఆయనా?"

"పెళ్ళి కాలేదండి."

"అయితే మీ నాన్నగారా?"

"ఆయన పోయి నాలుగేళ్ళయిందండి."

"పోనీ అన్నలెవరైనా..."

"ఒక్కడే అన్న. వాడికిది అస్సలు ఇష్టం లేదండి. తీసేయమని రోజూ గొడవ."

క్యాషియరమ్మ మొహం చిన్నబోయింది. తిట్టుకోవడానికి ఒక్క మగాడైనా దొరకలేదు. కాసేపు ఆలోచించి, "అయినా పాపం," అంది. "ఇంతకీ నాకు రెండంగుళాలే తియ్యి. భుజాల పైకి పోతే మా ఆయన ఊరుకోరు."

"రెండే తీస్తానండి," అంది కత్తెర పిల్ల. కొలిచి రెండే తీసింది.

ఈ జాలి అంతా మూడో నెలలో గౌరవంగా మారింది. దానికి కారణం లాయరమ్మ. హక్కుల కేసులు వాదించే లాయరమ్మ నెలకోసారి జుట్టు సరిచేయించుకోవడానికి వస్తుంది. ఒకరోజు పెద్దక్కను పక్కకు పిలిచి, "మీరెంత గొప్ప పని చేస్తున్నారో మీకు తెలుసా?" అంది.

పెద్దక్కకు తెలియదు.

"తలకు కట్టుకోవడం, కట్టుకోకపోవడం ఆడదాని ఇష్టం. వేరే చోట్ల స్కార్ఫు చూసి ఉద్యోగం ఇవ్వట్లేదు. మీరు ఇచ్చారు. ఇది నలుగురికీ తెలియాలి."

నాలుగు రోజులు గదమాయించిన సంగతి పెద్దక్క నోటి చివరి దాకా వచ్చింది కానీ, వెనక్కి మింగేసింది. మరుసటి వారం మహిళా సంఘం పత్రిక వాళ్ళు వచ్చి ఫోటో తీసుకున్నారు. పెద్దక్క కుర్చీలో, కత్తెర పిల్ల వెనక నిలబడి. పత్రిక చూసి కొత్తవాళ్ళు రావడం మొదలైంది. పెద్దక్క పాత బోర్డు దింపించి కొత్తది పెట్టించింది. బోర్డు మీద మెరూన్ స్కార్ఫు కట్టుకుని చేత కత్తెర పట్టిన అమ్మాయి బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'మీ తల, మీ ఇష్టం'. బొమ్మలోని రంగుకు సరిపోయేలా అరడజను మెరూన్ స్కార్ఫులు కొనుక్కొచ్చి, "ఇక నుంచి ఇవే కట్టుకో," అని చేతిలో పెట్టింది.

"నావి నాకున్నాయక్కా."

"అవన్నీ బూడిద రంగు. బోర్డుకు కలవవు."

మెరూన్ స్కార్ఫులు టవళ్ళ అలమరాలో పెట్టినచోటే ఉండిపోయాయి.

ఆ తర్వాత నెల ఒక సోమవారం కత్తెర పిల్ల స్కార్ఫు లేకుండా వచ్చింది. ఎప్పటిలాగే టైముకు వచ్చింది, సంచీ తగిలించింది, దువ్వెనలు మందు నీళ్ళలో వేసింది. జుట్టు మామూలు జుట్టే. నల్లగా, దట్టంగా, వెనక్కి దువ్వి రబ్బరు బ్యాండు పెట్టి ఉంది. పెద్దక్క ఉన్నపళంగా ఎదురొచ్చింది.

"ఏమైందే? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదక్కా."

"మరెందుకు తీశావ్?"

"తీయాలనిపించింది."

"అలా ఎలా అనిపిస్తుంది?" అంది పెద్దక్క, తనకు తెలియకుండానే గొంతు పెంచి.

ఆ రోజంతా అదే గోల. మొదట్లో 'ఎవరు కట్టించారు' అని అడిగినవాళ్ళే ఇప్పుడు 'ఎవరు తీయించారు' అని అడిగారు. జాలి మాత్రం అదే, ఒక్క వీసం తగ్గలేదు. క్యాషియరమ్మ అయితే వేరే పనిమీద వెళ్తూ విషయం విని లోపలికొచ్చి, "అయ్యో, నీకదెంత నప్పిందో!" అని కళ్ళు ఒత్తుకుంది.

సాయంత్రానికి కబురు లాయరమ్మకు చేరింది. ఫైలు పట్టుకుని దిగింది. ఆమె సోఫాలో కూర్చుందో లేదో తలుపు తోసుకుని కత్తెర పిల్ల అన్న వచ్చాడు. కొరియర్ వ్యాను నడుపుతాడు. వ్యాను రోడ్డు మీదే వదిలేసి వచ్చినట్టున్నాడు, బయట హారన్లు మోగుతున్నాయి.

"మేడమ్, మా చెల్లిచేత స్కార్ఫు తీయించింది మీరేనా?" అన్నాడు పెద్దక్కతో.

"నేనా? నేనెందుకు తీయిస్తానయ్యా? అయినా నీకది ఇష్టం లేదట కదా! ఇప్పుడు సంతోషించక ఈ కేకలేంటి?"

"ఇష్టం లేదు. నాలుగేళ్ళు మొత్తుకున్నా, నా మాట వినలేదు. మీ దగ్గర నాలుగు నెలలు చేసేసరికి తీసేసింది. అంటే నా మాట కంటే మీ మాటే ఎక్కువైందా?"

"అయితే మీరు బలవంతం చేసిన మాట నిజమే," అని లాయరమ్మ పెద్దక్క వైపు తిరిగి కలం తీసింది.

"నేను బలవంతం చేసినప్పుడు తీయలేదుగా!" అని నోరు జారి పెద్దక్క నాలుక కరుచుకుంది.

"ఎప్పుడు చేశారు?"

"అదీ... మొదట్లో. నాలుగే రోజులు."

ఇక ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ అమ్మాయి స్వేచ్ఛను ఎవరు హరించారన్న దాని మీద అరగంట వాదన నడిచింది. ఆ అమ్మాయి మూడడుగుల దూరంలో రిటైర్డ్ టీచరమ్మ జుట్టు కత్తిరిస్తోంది. చివరికి గుడ్డ కిందనుంచి టీచరమ్మే చెయ్యి పైకెత్తింది, క్లాసులో పిల్లల్లాగా.

"ఆ పిల్ల ఇక్కడే ఉంది. అడగరాదూ?"

ముగ్గురూ ఒక్కసారి ఇటు తిరిగారు. "భయపడకమ్మా, చెప్పు," అంది లాయరమ్మ.

కత్తెర పిల్ల దువ్వెన ఆపింది. "కట్టుకునేటప్పుడు ఎవర్నీ అడగలేదండి. తీసేటప్పుడూ అడగలేదు. అది నాకూ, నేను మొక్కే దేవుడికీ మధ్య సంగతి. అందులో మీ ముగ్గురికీ చోటు లేదు. రేపు మళ్ళీ కట్టుకుంటే అప్పుడూ ఇంతే." ఆ తర్వాత, "తల కొంచెం వంచండి టీచరుగారూ. అన్నా, నీ వ్యాను తీయకపోతే ఫైను రాస్తారు," అంది.

అన్న పరిగెత్తాడు. లాయరమ్మ కలం మూత పెట్టుకుంది. "ఆమె మాట న్యాయమే," అంది గానీ, ఎంతో బరువుగా అంది.

వాళ్ళిద్దరి సంగతి అలా తేలింది. పెద్దక్క సంగతి తేలలేదు. ఎందుకంటే వచ్చే శనివారం మహిళా సంఘం వాళ్ళు ఆమె పార్లర్‌కు స్వేచ్ఛా పురస్కారం ఇస్తున్నారు. కొత్త చీర ఇస్త్రీకి వెళ్ళింది. చుట్టాలకు చెప్పుకోవడం అయిపోయింది.

"ఒక్క గంట కట్టుకోవే. ఫోటోలు కాగానే తీసేద్దువుగాని," అని బతిమాలింది.

"వద్దక్కా."

"గంటకేం పోతుంది?"

"నేను దాన్ని ఫోటోల కోసం ఎప్పుడూ కట్టుకోలేదు."

పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది. "మీ తల, మీ ఇష్టం అని బోర్డు రాయించింది నీ కోసమే కదే! ఇప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు చేసి దాని పరువు తీస్తావా?"

మాట బయటపడ్డాక గాని అందులో ఏముందో తన చెవికి ఎక్కలేదు. కత్తెర పిల్ల మర్యాదగా మొహం తిప్పుకుంది. నవ్విందో లేదో కనపడలేదు.

చేసేది లేక పెద్దక్క సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పింది. ఆవిడ నొచ్చుకుంటూ అంది:

"అయితే ఈ ఏడాదికి ఇంకెవరినైనా చూసుకుంటాం లెండి. ఏమనుకోకండి. స్కార్ఫు లేకపోతే ఆవిడ స్వేచ్ఛగా ఉందని జనానికి ఎలా తెలుస్తుంది చెప్పండి?"

పెద్దక్క ఫోన్ పెట్టేసి, ఇస్త్రీకి వెళ్ళిన చీర తెచ్చుకుంది.

శనివారం మధ్యాహ్నం పార్లర్ బోసిగా ఉంది. పురస్కారం కోసమని బేరాలన్నీ ముందే వద్దనుకున్నారు. ఊరికే కూర్చోలేక పెద్దక్క తన జుట్టుకు రంగు వేయించుకుందామని కుర్చీ ఎక్కింది. కత్తెర పిల్ల పాయలు విడదీసి చూసింది. చెవి వెనక, నెత్తి మీద ఎర్రటి దద్దుర్లు.

"రంగు మీకు పడట్లేదక్కా."

"ఆరేళ్ళుగా అంతే. రెండు రోజులు దురద పుట్టి అదే పోతుంది."

"మానేయొచ్చుగా?"

"మీ బావగారు ఒప్పుకోరు. పక్కన తల్లిలా కనిపిస్తానట. పైగా నెత్తి నెరిసినదాని దగ్గరికి అందం కోసం ఎవరొస్తారు? మా అమ్మాయిదీ అదే మాట."

కత్తెర పిల్ల ఆ మాటలకు అవునని గాని, కాదని గాని అనలేదు. జాలిగానూ చూడలేదు. గిన్నె, బ్రష్షు బల్ల మీద పెట్టి, అద్దంలోంచి సూటిగా ఆమె మొహంలోకి చూసి అడిగింది.

"నన్ను వేయమంటారా, వద్దా?"

ఇరవై రెండేళ్ళలో కొన్ని వేల మందిని పెద్దక్క అడిగింది: ఎంత తీయమంటారు, ఏ రంగు వేయమంటారు అని. వాళ్ళాయనల పేర్లు చెప్తే ఆ లెక్కనే తీసింది. తనను మాత్రం ఇలా సూటిగా ఎవరూ అడగలేదు. జవాబు చిటికెలో దొరుకుతుందనుకుంది. దొరకలేదు. బయట వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా అద్దంలో తన పాపిటను, పాపిట వెంట తెల్లగా వచ్చిన గీతను చూసుకుంటూ కూర్చుంది.

"ఈసారికి వేసెయ్," అంది చివరికి. "వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం."

"సరే అక్కా," అని కత్తెర పిల్ల రంగు కలపడం మొదలుపెట్టింది.