టారి వాళ్ళమ్మ రాసిన ఉత్తరం

పెండిల్ హిల్‌లో మా పక్కింట్లో మేరీ టారి ఉండేది. వనువాటు దీవుల మనిషి, వృద్ధాశ్రమంలో పని. పగలు ఉండదు గనక ఆమె ఉత్తరాలు నేనే తీసి ఉంచేదాన్ని. దీవిలో వాళ్ళమ్మ మంచాన పడిందని నాకు తెలుసు.

తొంభైతొమ్మిది డిసెంబరు. ముప్పై ఒకటి అర్ధరాత్రి రెండువేల సంవత్సరం తేదీ అర్థంకాక కంప్యూటర్లు ఆగిపోతాయని మా ఆయనకి ఆఫీసులోనే డ్యూటీ వేశారు. లిఫ్టులో ఇరుక్కుంటారేమోనని నాకు ముద్ద దిగేది కాదు. కుళాయిలూ ఆగిపోతాయేమోనని టబ్బు నిండా నీళ్ళు పట్టిపెడితే, చేపలు పెంచుతావా సిస్టర్ అని టారి నవ్వింది.

ఆ వారంలోనే టారి పేరున ఆ కవరు వచ్చింది. వానకి అతుకు ఊడి కాగితం బయటపడింది. ఇంగ్లీషు కాదు. మెలికల ముగ్గులా, చెయ్యి ఎత్తకుండా తిప్పిన రాత. సిరా కారి అంచులు నల్లబడ్డాయి.

వాళ్ళమ్మ పోయిందనుకున్నాను. మా వైపు చావుకబురు ఉత్తరానికి అంచులు నల్లగా పూస్తారు. దాన్ని ఇంట్లో ఉంచరు, చూసిన చేత్తోనే చింపేస్తారు. ఆయన డ్యూటీకి వెళ్ళే ఇంట్లో దాన్నెలా ఉంచను? చింపి చెత్తడబ్బాలో వేసి తలస్నానం చేశాను. కబురు నా నోటితో చెప్పలేక, ఆమెకే ఫోను రాకపోతుందా అనుకున్నాను. మర్నాడు చెత్తబండి వచ్చి వెళ్ళింది.

ఏ లిఫ్టూ ఆగలేదు. ఆయన క్షేమంగా వచ్చారు. ఉత్తరం వచ్చిందా అని టారి రోజూ అడిగేది, లేదనేదాన్ని.

జనవరిలో టారికి ఫోను వచ్చింది. వాళ్ళమ్మ ముందురోజే పోయిందట. అంటే నేను చింపింది చావుకబురు కాదు. ఇసుక మీద గీసే గీతల్లోంచి ఊరిపెద్ద ఒకాయన రాగ అనే వాళ్ళ భాషకి అక్షరాలు కట్టాడట. డెబ్బై ఏళ్ళ వయసులో ఆవిడ అవి నేర్చుకుని, జీవితంలో మొదటిసారి కూతురికి ఉత్తరం రాసింది. అది దారిలో ఎక్కడ పోయిందోనని టారి ఏడ్చింది.

నేను చింపడం మా అమ్మాయి నీలిమ చూసింది. "అమ్మా, యూ హావ్ టు టెల్ హర్. లేకపోతే నేను చెప్తా," అంది.

వెళ్ళి చెప్పాను. రోజూ ముగ్గు వేస్తావుగా, ఆ రాతలో ఏమైనా గుర్తుందా అని టారి అడిగింది.

బియ్యప్పిండి తెచ్చి, ఆమె గుమ్మం ముందు కూర్చున్నాను. కాగితం చివర చూసిన రెండు మెలికలు వేశాను. టారి వంగి వాటి మీద వేలు నడిపించింది.

"ఇది మా అమ్మ పేరు," అంది. "పైన ఏం రాసింది?"

పైన నేను చూడలేదు. నల్లబడ్డ అంచులే చూశాను.