రెండు ఊళ్ళ రాహుకాలం

మా ఈశ్వరమ్మత్తకు రెండు నమ్మకాలు. ఒకటి, మదనపల్లెలో నేసిన పట్టుచీరను మించింది ఈ భూమ్మీద లేదు. రెండు, రాహుకాలంలో మడత విప్పిన చీర కలిసిరాదు. మొదటిదాన్ని నేనూ ఒప్పుకుంటాను. రెండోదానితోనే నాకు ఒళ్ళు మండేది.

మదనపల్లెలోని అత్త కొట్టు చీరలను మలేషియాలోని మనవాళ్ళకు అమ్మిపెడతానని నేనే ఎగురుకుంటూ వచ్చాను. డిజిటల్ మార్కెటింగ్ చదివినదాన్ని కదా, ముందుగా ఓ గొప్ప వెబ్‌సైట్ తయారుచేశాను. కంప్యూటర్‌లో చూస్తే కళ్ళు చెదిరిపోయేవి. కానీ అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని చీరలు కొనేదెవరు? చూడటం, బేరమాడటం, డబ్బు కట్టడం అన్నీ ఫోన్‌లోనే. ఆ సంగతి నాకు తెలిసొచ్చేదాకా ఒక్క చీరా కదల్లేదు.

దాంతో పథకం మార్చాను. ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్ముదామనుకున్నాను. నిలువు తెరలో అంచూ కొంగూ రెండూ కనబడేలా చీరలను పైనుంచి కిందికి వేలాడదీశాను.

అప్పటికే కుప్పంలో మా నాన్న ఓపిక అయిపోయింది. "వర్షితా, ఈ శుక్రవారం ఒక్క చీరన్నా అమ్ము. ల్యాకుంటే సోమవారం బెంగళూరు రైలెక్కు. ఆడ ఉద్యోగం మాట్లాడిపెట్టుండాను" అన్నాడు. పొద్దస్తమానం ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఫోన్ చేసి క్రెడిట్ కార్డులు అంటగట్టే ఉద్యోగమది. నాకది వద్దు. నాకు ఈ కొట్టే కావాలి, ఈ పట్టు వాసనే కావాలి.

మలేషియాలో జనం తీరిగ్గా ఫోన్ పట్టుకునేది మధ్యాహ్నం భోజనాల వేళ. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అందుకని తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా లైవ్ పెడదామన్నాను.

"శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. అప్పటికి చీరలు మడిచి కట్టేయాల" అంది అత్త.

"కొనేవాళ్ళుండేది మలేషియాలో అత్తా! ఆడ అప్పటికి ఒంటిగంట!"

"చీర ఉండేది ఈడ కదా పాపా."

పోయే గంటను ముందే రాబట్టుకుందామని ఎనిమిదిన్నరకే లైవ్ మొదలుపెట్టాను.

"రాండమ్మా, కూర్చోండి" అని అత్త ఫోన్‌ను పిలిచింది. తెరమీద ఎర్రగా హృదయాలు ఎగిరాయి. "ఏంది పాపా ఇవి?" అంది. నచ్చాయని అర్థమని చెప్పాను. "నచ్చితే కొనమను" అంది.

కొనేవాళ్ళు మాత్రం లేరు. గంటసేపు హృదయాలే. ధర అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

సరిగ్గా తొమ్మిదిన్నరకు గీత అనే ఆమె మెసేజ్ పెట్టింది. "ఈడ పన్నెండు దాటింది, రాహుకాలం పోయింది. ఇప్పుడు అడుగుతాండా పెద్దమ్మా. మా పాప పెండ్లికి చీరలు కావాల."

అప్పుడు వెలిగింది నాకు. వాళ్ళ రాహుకాలాన్ని వాళ్ళు వాళ్ళ గడియారంలో చూసుకుంటున్నారు! నేను గంటసేపు చీరలు చూపించింది ఆ రాహుకాలంలోనే. ఇక్కడిది మొదలయ్యేదాకా మిగిలింది ఒక్క గంట. అది సరిగ్గా వాళ్ళ భోజనాల గంట.

ఆ గంటనంతా అత్తా గీతా కబుర్లకే ఖర్చుపెట్టారు. గీతది పుంగనూరు పక్కన చౌడేపల్లెనట. ఎవరి కూతురు, ఎవరి కోడలు అని అత్త ఆరాలు తీస్తూ ఒక్కో చీరా చూపించింది. మిగతావాళ్ళంతా గీత ఏది తీసుకుంటుందా అని కాచుకున్నారు. నేను మాత్రం గడియారం చూస్తూ గోళ్ళు కొరుక్కున్నాను.

"ఆ కుంకుమరంగుది విప్పు పెద్దమ్మా. నచ్చితే అన్నీ నీ దగ్గరే" అని గీత పెట్టింది.

అత్త మడత మీద చెయ్యి వేసి, గోడమీది గడియారం చూసి, చెయ్యి తీసేసింది. "పదిన్నరయిందమ్మా. పన్నెండు దాటినాక మాట్లాడుకుందాం" అని ఫోన్‌ను బోర్లా పెట్టేసింది.

"అత్తా! నా బతుకు అత్తా అది!" అని అరిచాను. తర్వాత ఏడ్చాను, ముక్కు చీదుకుంటూ నిజంగానే ఏడ్చాను. అత్త మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి, చీరలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

పన్నెండు దాటాక ఫోన్ తీసి తనే నా చేతిలో పెట్టింది. గీత పెట్టిన వాయిస్ మెసేజ్ నొక్కాను.

"బేరం చేతిలో ఉండంగానే వదిలేసినావే పెద్దమ్మా! మా అత్త పక్కనే ఉండి అంతా సూసింది. పెండ్లి చీర ఇట్లాంటి కొట్లోనే తీయాలంటాంది. ఆ కుంకుమరంగుది విప్పి సూపించి పంపించు. మిగతావి నువ్వే ఏరు."

ఆ వెనకే డబ్బు కట్టిన మెసేజ్ వచ్చింది. నేను మళ్ళీ ఏడ్చాను, ఈసారి అత్తను పట్టుకుని.

అంతలో నాన్న ఫోన్. నేను మాట్లాడేలోపు అత్త లాక్కుంది.

"అన్నా, ఆ రైలు మాట ఇంక ఎత్తొద్దు. పాప యాడికీ పోదు."

ఫోన్ పెట్టేసి, కుంకుమరంగు చీర మడత విప్పుతూ నావైపు తిరిగింది.

"మన మునీశ్వరి కూతురు దుబాయిలో ఉండాది కదా. వాళ్ళ రాహుకాలం మనకు ఎన్ని గంటలకవతాది పాపా?"

ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. లేచి గోడమీది క్యాలెండర్ తీసుకొచ్చాను.