చింతపండుతో తోమిన వాచీ చైను

మావారు ఉదయ్‌కుమార్‌కి వాచీల పిచ్చి. అందులోనూ స్టీలూ బంగారమూ కలిసిన రెండు రంగుల వాచీ కనబడితే ఇక మనిషి మనిషిలా ఉండరు. "స్టీలు డ్యూటీకి, బంగారం పెళ్లికి. ఇదొక్కటి ఉంటే రెండింటికీ సరిపోద్ది రోజా" అంటారు. ఒక్కటే సరిపోయేదానికి మా ఇంట్లో ఏడున్నాయి.

ఆ బుధవారం ఎనిమిదోది వచ్చింది. మావారిది కాదు, ఆయనకి చదువు చెప్పిన యాజులు మాస్టారిది. వాళ్ల నాన్నగారు కట్టుకున్న వాచీ. చైను పిన్ను వదులైతే బిగించమని ఇచ్చారు. చైనులో నడిమి బిళ్లలు అసలు బంగారమని నాన్నగారు చెప్పి పోయారట. "ఉత్త పూత" అని వాళ్లన్నయ్య నలుగురిలో నవ్వుతారట. కంసాలి చేత గీటురాయి మీద గీయించడానికి మాస్టారికి ధైర్యం చాలలేదు. పూతని తేలితే నాన్నగారి మాట అబద్ధమైపోతుంది మరి. అందుకే మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, వాచీ కనబడకుండా బొత్తం పెట్టేసుకుంటారు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిసినవే.

గురువారం పొద్దున్నే పెరట్లో పూజ సామాన్లు తోముతున్నాను. మావారు చైను విడదీసి కిటికీలో వదిలేసి స్నానానికి వెళ్లారు. చూద్దును కదా, పక్క బిళ్లలు తళతళలాడుతున్నాయి, నడిమివి మకిలి పట్టి ఉన్నాయి. పరాయివాళ్ల వస్తువు అలా తిరిగిస్తే ఏం మర్యాద? కుందులతో పాటు దానికీ చింతపండూ ముగ్గుపిండీ పట్టించి కసిదీరా తోమేశాను.

"ఏటే అది?" వెనక నుంచి మావారి గొంతు.

"మీ మాస్టారి చైనే. ఇత్తడి నల్లబడిపోతేనీ..."

"ఇత్తడా! విలువ పోద్దని పాత వాచీకి మురిక్కూడా తుడవరే! పూతయితే ఈపాటికి నీళ్లలో కలిసిపోయుంటాది. ఎంత పని చేసేవే!"

పళ్లెంలో నీళ్లు నల్లగా ఉన్నాయి. చైను కడిగి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. మాస్టారు!

దాచి లాభం లేదు. "తప్పయిపోయింది మాస్టారూ, తోమేశానండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన చైను అందుకుని కుళాయి కింద తనే కడిగారు. మావారు భూతద్దం తెచ్చిచ్చి, "పూతయితే ముందు అంచుల్లో పోద్దండి" అని నసిగారు.

మాస్టారు ఒక్కో బిళ్లా తిప్పితిప్పి చూశారు. గీతలు బోలెడు పడ్డాయి. గీతల్లోనూ పసుపే, అంచుల్లోనూ పసుపే. ఎక్కడా లోపలి స్టీలు తెల్లగా బయటపడలేదు.

"మా నాన్న అబద్ధం ఆడలేదమ్మా" అన్నారు. "అన్నయ్యదేముంది, ముప్పయ్యేళ్లు నేనూ అనుమానించేను."

అమ్మయ్య! నూతిగట్టు మీద కూలబడిపోయాను. ఈలోగా ఉపమాక వెంకన్నకి మొక్కేసుకున్నాను కూడా.

"గీతలకి పాలిష్ పెట్టించేద్దామండీ" అన్నారు మావారు.

"వద్దు బాబూ, ఉండనీ. అవే సాక్ష్యం."

మావారు చైను బిగించి ఇచ్చారు. మాస్టారు వాచీ కట్టుకుని స్కూటరెక్కారు. గేటు దాటాక ఆపి, బొత్తం విప్పి, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచారు. ఆయన ఇల్లు కృష్ణదేవిపేట దారిలో. బండి మాత్రం పెదబొడ్డేపల్లి వైపు తిప్పారు. వాళ్లన్నయ్య ఉండేది అక్కడే.