పాలు పొంగిన ఎక్కం

కూతురికి లెక్కల పరీక్ష అంటే కూతురికన్నా ముందు గూడ్స్ గార్డు త్రినాథరావుకే జ్వరం వచ్చేలా ఉంది. మూడో క్లాసు స్పందన గుణకారం దగ్గర నోట్లో ఏదో గొణుక్కుంటూ కూర్చుంటుందట. లెక్క సగంలో ఉండగానే గంట కొట్టేస్తున్నారట. ఎక్కాలన్నీ నోటికొచ్చిన పిల్ల! అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం.

స్కూల్లో చదువు హిందీ అయినా, ఆ ఎక్కాలు తెలుగులో నేర్పింది మాత్రం త్రినాథరావు తల్లి కనకం. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని నేర్పింది. ఈ ఏడు వానలు మొదలవుతూనే ఆవిడ కన్నుమూసింది. అప్పుడు కొడుకు బండి మీద డ్యూటీలో ఉన్నాడు. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి మాట ఏమందని అడిగితే, ఏమీ అనలేదన్నారు. అమ్మ గొంతు ఒక్కసారి వింటే చాలునని అతని ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంది.

"ఏడో ఎక్కం సెప్పు, సూద్దుము," అన్నాడు సెలవు రోజున కూతుర్ని కూర్చోబెట్టి.

స్పందన కళ్ళు మూసుకుని అందుకుంది. "...ఏడైదుల ముప్పై ఐదు, ఏడార్ల నలభై రెండు, ఓలమ్మో పాలు పొంగిపోతన్నాయి, ఏడేళ్ళ నలభై తొమ్మిది..."

"ఆగాగు. మధ్యన పాలేటే?"

"నాన్నమ్మ అలాగే చెప్పింది కదా!"

"అది ఎక్కం కాదే పిచ్చీ, పొయ్యి మీద పాలు. తీసెయ్."

తీసేసి చూసింది. నలభై రెండు దగ్గర నోరు ఆగిపోయింది. "పాలు పొంగకపోతే తర్వాతది రావట్లేదు నాన్నా," అంది ఏడుపు మొహంతో.

త్రినాథరావుకి నవ్వాగలేదు. "అచ్ఛా, పొంగనీ. తర్వాత?"

"ఏడేళ్ళ నలభై తొమ్మిది, ఏడెనిమిదుల యాభై ఆరు, బండి కూసింది, నా బాబొచ్చీసినాడేటో సూడే, ఏడు తొమ్మిదుల అరవై మూడు..."

అతని నవ్వు ఆగిపోయింది. ఆ యాస, ఆ ఆత్రం, అచ్చం అమ్మే. ఈ కాలనీలో బండి కూయని గంట ఉండదు. కూసినప్పుడల్లా ఆ పిచ్చితల్లి గుమ్మం వైపు చూసిందన్నమాట. ఎన్నిసార్లు చూస్తే ఆ మాట ఎక్కంలో కలిసిపోయి ఉంటుంది!

"వచ్చీసినానమ్మా," అన్నాడు పైకే.

స్పందన చిరాగ్గా కళ్ళు తెరిచింది. "అరే నాన్నా, బీచ్ మే మాట్లాడకు! మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి."

"మొదట్నుంచే సెప్పు తల్లీ," అన్నాడు త్రినాథరావు, కళ్ళు తుడుచుకుంటూ. "స్కూల్లో ఆ మాటలు గబగబా దాటేసెయ్. ఇంట్లో మాత్రం నెమ్మదిగా సెప్పు."