శుక్రవారం చప్పుడు

ఆదివారం పదకొండు దాటితే మా అపార్టుమెంట్లలో ప్రతి వంటింట్లోనూ ధబధబలు మొదలవుతాయి. పంది మాంసం ముక్కల్ని చెక్క సుత్తితో పల్చగా కొట్టే చప్పుడు అది. గోడలు అంతంత మాత్రం. ఎవరింట్లో ఎన్ని కట్లెట్లు వేగబోతున్నాయో కిందా మీదా అందరికీ తెలిసిపోతుంది. పెళ్ళయి రాదోమ్ ఊళ్ళో ఈ ఇంటికొచ్చిన కొత్తలో మా అత్తగారు నా చేతిలో సుత్తి పెట్టి, "గట్టిగా కొట్టవే, ఈ ఇంట్లో మొగుడికి తిండి సరిగ్గా పెడుతున్నారని నలుగురికీ వినబడాలి" అంది. ఆవిడ పోయినా నేను ఇరవై ఆరేళ్ళుగా నలుగురికీ వినిపిస్తూనే ఉన్నాను.

ఇవాళ నాలుగు ముక్కలు. మా ఆయన లెషెక్‌కి రెండు, అంచు ముక్క నాకు, నాలుగోది పై అంతస్తు మిరెక్‌కి. బస్సు డిపోలో లెషెక్ మీద అజమాయిషీ అతనిదే. పెళ్ళాం పోయి మూడు నెలలైంది, ఆదివారం పూట ఒంటరిగా ఏం తింటాడు పాపం అని నన్ను అడక్కుండానే భోజనానికి పిలిచాడు మా ఆయన. వరసగా ఇది మూడో ఆదివారం. ఎంతలో పని, ముక్కలు వేయించి బంగాళాదుంపలు ఉడకేస్తే అరగంటలో అయిపోతుంది అన్నాడు. అరగంట వంట అనేవాళ్ళెవరూ ఆ అరగంట పొయ్యి దగ్గర నిలబడి ఎరగరు. నిన్న కసాయి కొట్టు ముందు వరసలో నిలబడ్డది, ఇప్పుడు దుంపలు చెక్కేది, తర్వాత జిడ్డు మూకుడు తోమేది ఏ అరగంటలోకీ రావు.

సుత్తి ఎత్తి ఒకటి వేస్తే పైనుంచి ఒకటి వినబడుతుంది. నేను ఆపితే అదీ ఆగుతుంది. పైన ఎవరూ లేరు. మిరెక్ చర్చికి వెళుతూ మెట్లు దిగడం నేనే విన్నాను. అయినా నా దెబ్బకి దెబ్బ బదులొస్తుంది, నా నెత్తికి సరిగ్గా పైన, రెనాతా బల్ల ఉండేచోట. ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని మాత్రం నేను భరించలేను. అందులోంచి ఏదో వచ్చేలోపు గబగబా మళ్ళీ కొడతాను. నాకు భయంగా ఉంది. యాభై రెండేళ్ళ మనిషిని, పట్టపగలు నా వంటింట్లో నేను భయపడుతున్నాను.

రెనాతా మిరెక్ భార్య. పదిహేనేళ్ళు నా నెత్తి మీదే నడిచింది. మెట్ల మీద ఎదురైతే నవ్వేది, ఎండ లేకపోయినా నల్లకళ్ళద్దాలు తీసేది కాదు. మార్చిలో ఒక మధ్యాహ్నం అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. రెండు రోజులకి పోయింది. ఈస్టరు పండక్కి కిటికీలు కడిగి కర్టెన్లు తగిలిస్తూ స్టూలు మీంచి పడిందన్నాడు మిరెక్. మర్నాడు పోలీసు ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికొచ్చి, అంబులెన్సు రాకముందు పైనుంచి ఏమైనా విన్నారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే లెషెక్ అందుకున్నాడు. "కట్లెట్లు కొడుతున్న చప్పుడండీ, ఇంకేముంటుంది." పోలీసు నా వైపు చూశాడు. నేను తలూపాను. అతను రాసుకున్నాడు. తలుపు వేసి లెషెక్ అన్నాడు, మొగుడూ పెళ్ళాల గొడవలో మూడో మనిషి వేలు పెట్టకూడదని. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు, "నేనెప్పుడైనా నీ మీద చెయ్యెత్తానా? మరి నీకెందుకు ఇవన్నీ?" కొట్టకపోవడం నాకు చేసిన మహోపకారమని ఆయన లెక్క. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను, సిగ్గులేకుండా.

మొన్న బుధవారం రెనాతా కూతురు సిల్వియా వచ్చింది. తండ్రి ఇంటికి పోలేదు, తిన్నగా మా ఇంటికే వచ్చింది. నెలాఖరుకి కేసు మూసేస్తారట. టీ ముట్టుకోకుండా కూర్చుని, తల వంచుకునే అడిగింది.

"ఆ రోజు శుక్రవారం కదా పిన్నీ. పైగా పండగ ముందు ఉపవాసాల్లో శుక్రవారం. అమ్మ మాంసం ఇంట్లోకే రానిచ్చేది కాదు. మరి కట్లెట్లు ఎక్కడివి?"

శుక్రవారం మాంసం ముట్టని ఊళ్ళో నేను తలూపిన అబద్ధం అది. రాసుకున్న పోలీసుకీ శుక్రవారమంటే ఏమిటో తెలుసు. ఏమో తల్లీ, చప్పుడైతే అలాగే ఉంది అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇంకా నా ఒంటిమీంచి పోలేదు.

ముక్కల్ని పిండిలో పొర్లించి, గుడ్డు సొనలో ముంచి, రొట్టెపొడి అద్దాను. పందికొవ్వు కాగింది. దోసకాయ చక్రాల్లా తరిగి పుల్లమీగడ కలిపాను. దాన్ని మిజేరియా అంటారు, మా భాషలో దరిద్రం అని. ఏ మహాతల్లి ఆ పేరు పెట్టిందో గానీ వంటింట్లోంచే పెట్టి ఉంటుంది. దుంపల మీద సోయకూర చల్లుతుంటే బెల్లు మోగింది.

మిరెక్ పూలు తెచ్చాడు. వద్దనేలోపే పిండి అంటిన నా చెయ్యి అందుకుని, వంగి ముద్దు పెట్టుకున్నాడు. ఆడవాళ్ళకి అలా మర్యాద చెయ్యడం ఇక్కడ పెద్దమనుషులకి అలవాటే, ప్రతిసారీ చేసేదే. ఇవాళ అతని పట్టు చూశాను. నా మణికట్టు మొత్తం ఆ గుప్పిట్లో పట్టింది, ఇంకా చోటు మిగిలింది. చెయ్యి కడుక్కున్నాను. రెండోసారి సబ్బుతో కడుక్కున్నాను.

వాళ్ళిద్దరూ సూపు తాగుతున్నారు. నేను పొయ్యి దగ్గర నిలబడి ముక్కలు తిరగేస్తున్నాను.

"మీరు గనక ఆ రోజు చెప్పకపోతే నా బతుకు బజారున పడేది. ఎవరడిగినా మీ మాటే చెబుతున్నా. కింది వాళ్ళని అడగండి, కట్లెట్లు కొడుతుంటే వాళ్ళే విన్నారు అని" అన్నాడు మిరెక్.

లెషెక్ ఉబ్బిపోయాడు. "మా బొగూషావి పాముచెవులండీ. ఈ బిల్డింగులో చీమ చిటుక్కుమన్నా వింటుంది."

నిజమే. అంతా విన్నాను. నా చెవుల మీద ఆ హంతకుడు ఇల్లు కట్టుకుని, ఆదివారాలు నా చేతి భోజనం తింటున్నాడు. నెలాఖరు దాటితే ఇక తింటూనే ఉంటాడు.

పొయ్యి ఆపాను. నాలుగు ముక్కలూ మూకుడులోనే ఉన్నాయి. ఫోను తీసుకుని, ఇద్దరికీ వినబడేలా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఎవరికిప్పుడు ఫోను? ముందు వడ్డించు, చల్లారిపోతాయి" అన్నాడు లెషెక్.

సిల్వియా వెంటనే ఎత్తింది.

"నేనమ్మా, బొగూషా పిన్నిని. మీ నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు, వింటున్నాడు. విననీ. రేపు పొద్దున్నే రా, ఇద్దరం కలిసి స్టేషన్‌కి పోదాం. అవి కట్లెట్లు కావు."

మిరెక్ చేతిలో చెంచా ఆగింది. లెషెక్ లేచి, "పిచ్చెక్కిందా నీకు, పెట్టెయ్" అంటూ ఫోను కోసం చెయ్యి చాచాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి నా మీదికి రావడం. నేను వెనక్కి జరగలేదు.

"ఇంకోటి కూడా ఉంది సిల్వియా, అది మీ పిన్ని తప్పు. మధ్యలో ఒకసారి చప్పుడు ఆగింది. అప్పుడు మీ అమ్మ నన్ను పేరుపెట్టి పిలిచింది. నేను రేడియో పెంచాను."